ఎండ్‌గేమ్ పజిల్స్ ఎలా సాల్వ్ చేయాలి? (డ్రా ఆట చేజార్చుకున్నవాడి గోడు)

#1 నడిమి_గడి
అందరికీ నమస్కారం. ఉండేది హైదరాబాద్, చేసేది సాఫ్ట్‌వేర్ పని. చిన్నప్పుడు తాతయ్యతో అరుగు మీద ఆడిన చదరంగాన్ని మూడేళ్లుగా మళ్లీ పట్టుకున్నాను.

మొన్న ఆదివారం ఒక ర్యాపిడ్ టోర్నమెంట్‌లో ఐదో రౌండ్. నాకు రూక్ ఒక్కటే. ఎదుటి పిల్లాడికి రూక్, ఒక బంటు. వాడికి పన్నెండేళ్లు ఉంటాయేమో. గడియారంలో నాకు నాలుగు నిమిషాలు ఉన్నాయి, అంటే టైమ్ లేక ఓడానని చెప్పుకోవడానికి కూడా లేదు. ఓడిపోయాను. చేతులు కలిపాక వాడు మెల్లగా, "అంకుల్, అది డ్రా కదా" అన్నాడు. ఆ "కదా" ఇంకా చెవిలోనే ఉంది.

టాక్టిక్స్ పజిల్స్ రోజుకు ముప్ఫై చేస్తాను. బోర్డు నిండా పావులుంటే ఏదో ఒకటి కనిపిస్తుంది. అదే నాలుగు పావులు మిగిలిన ఎండ్‌గేమ్ పజిల్ అయితే ఎక్కడ మొదలుపెట్టాలో కూడా తెలియదు. మీరెలా చేస్తారు?

#2 గుర్రపు_ఎత్తు
అన్నా, ముందు ఆ పొజిషన్ పెట్టు. గోడు తర్వాత విందాం 😄

#3 నడిమి_గడి
గుర్తున్నంత వరకు ఇది (నిలువులు ఎడమ నుంచి ఏ-హెచ్, వరసలు తెలుపు వైపు నుంచి 1-8). తెల్లది వాడు: రాజు డి5, బంటు ఈ5, రూక్ హెచ్7. నల్లది నేను: రాజు ఈ8, రూక్ ఏ6. చెక్‌లు ఇస్తూ ఉందామని రూక్‌ని ఏ6 నుంచి తీసేశాను. వాడి రాజు ఈ6కి వచ్చి కూర్చున్నాడు. అప్పుడు భయమేసి రూక్‌ని చివరి వరసలోకి లాక్కుని కాపలా పెట్టాను. అక్కడితో అయిపోయింది.

#4 ఇంజిన్_నమ్మకం
ఇది టేబుల్‌బేస్‌లో (కొద్ది పావుల పొజిషన్లన్నిటికీ కంప్యూటర్ ముందే తేల్చి పెట్టిన ఫలితాల పట్టిక) ఉంటుంది. ఐదే పావులు. పొజిషన్ పెట్టి చూసుకుంటే సరిపోయేదానికి చర్చ దేనికి?

#5 లెక్కల_మాస్టారు
చర్చ దేనికంటే, టోర్నమెంట్ హాల్లోకి టేబుల్‌బేస్‌ని రానివ్వరు కాబట్టి.

నడిమి_గడి బాబూ, నువ్వు ఓడిన పొజిషన్‌ని ఫిలిడోర్ అనే ఫ్రెంచ్ ఆటగాడు 1777లోనే విప్పి చూపించాడు. నీ రూక్ ఏ6లో ఉన్నంతసేపూ అతని రాజు ఆ ఆరో వరసలోకి రాలేడు. నువ్వు చేయాల్సిందల్లా ఆ వరస మీదే అటూ ఇటూ నడవడం. బోరు కొట్టినా సరే నడవాలి. చివరికి విసుగొచ్చి అతను బంటును ఈ6కి తోస్తాడు. తోసిన మరుక్షణం రూక్‌ని ఏ1కి దించి వెనక నుంచి చెక్‌లు మొదలుపెట్టు. అంతకుముందు ఈ6 గడి అతని రాజుకు గొడుగు. ఇప్పుడు ఆ గొడుగు కింద అతని బంటే నిలబడింది, రాజుకు తల దాచుకునే చోటు లేదు. డ్రా.

నువ్వు చేసిన రెండో తప్పు, రూక్‌ని చివరి వరసలో కాపలా పెట్టడం. బంటు అంచు నిలువులో గానీ, దాని పక్క నిలువులో గానీ ఉంటే ఆ కాపలా చెల్లుతుంది. నడిమి బంటుకు చెల్లదు. పేరేమో నడిమి_గడి, ఓడింది నడిమి బంటుకు!

#6 శకటు
మాస్టారూ, రూక్ ఏమిటండీ, చక్కగా ఏనుగు అనొచ్చు కదా. బిషప్‌ని శకటు అనొచ్చు. నా పేరుకైనా గౌరవం ఇవ్వండి.

#7 గుర్రపు_ఎత్తు
మా ఇంట్ల బిషప్‌ను ఒంటె అంటరు, మా పెద్దనాన్న అయితే దాన్నే ఏనుగు అంటడు. ఏనుగు అంటే ఎవరికి ఏది అర్థమవుతుందో తెల్వదు. రూకే మంచిది.

#8 కాపలా_బంటు (మోడరేటర్)
పావుల పేర్ల మీద వేరే థ్రెడ్ ఉంది, నాలుగు నెలలుగా తెగట్లేదు. ఇక్కడ రూక్, బిషప్, మంత్రి, రాజు, గుర్రం, బంటు అనుకుందాం. ఇంకో మాట, జవాబు తెలిసినవాళ్లు ఒక రోజు ఆగి పెట్టండి.

#9 నడిమి_గడి
మాస్టారూ, ధన్యవాదాలు. చదివితే అర్థమవుతోంది. కానీ ఇలా ఒక్కొక్కటీ బట్టీ పడితే ఎన్ని పట్టాలి? పజిల్ కొత్తదైతే నా గతేంటి?

#10 లెక్కల_మాస్టారు
బట్టీ పట్టాల్సినవి ఉన్నాయి, కానీ చాలా తక్కువ. రాజు, బంటుకు ఎదురుగా ఒంటరి రాజు ఒకటి. రూక్ ఆటల్లో ఫిలిడోర్, లుసేనా రెండు. (లుసేనా పొజిషన్ అంటారు గానీ, 1497 నాటి లుసేనా పుస్తకంలో అది లేదు. 1634లో సాల్వియో పుస్తకంలో కనిపిస్తుంది. పేరు ఒకరిది, పని ఒకరిది, మన ఆఫీసుల్లో లాగే.) మిగతాదంతా చూపు. ఆ చూపు రావాలంటే ఒక పొజిషన్ ఇస్తాను. బోర్డు మీద పావులు పెట్టుకుని చూడు, ఫోన్‌లో కాదు.

తెలుపు: రాజు హెచ్8, బంటు సి6.
నలుపు: రాజు ఏ6, బంటు హెచ్5.
ఎత్తు తెలుపుది. డ్రా చేయాలి.

తెలిసినవాళ్లు నోరు మూసుకోవాలని మనవి.

#11 గుర్రపు_ఎత్తు
మూసుకున్న 🤐

#12 నడిమి_గడి
గంటన్నర కూర్చున్నాను. టీ రెండుసార్లు చల్లారింది.

బంటును తోద్దామంటే, సి7, వాడి రాజు బి7. బంటు పోయింది. నా రాజు మరీ దూరం. సరే, వాడి బంటును పట్టుకుందామంటే, హెచ్7 హెచ్4, హెచ్6 హెచ్3, హెచ్5 హెచ్2, హెచ్4 అనేసరికి వాడికి మంత్రి వచ్చేసింది. లెక్కేస్తే నేను రెండు ఎత్తులు వెనక ఉన్నాను. ఒక ఎత్తు అయితే ఏదో ఒకటి చేసేవాణ్ణి. రెండంటే కుదరదు. పొజిషన్ తప్పు రాశారా?

#13 లెక్కల_మాస్టారు
సరిగ్గానే రాశాను. నువ్వు రెండు ఎత్తులు వెనకబడ్డావన్న లెక్క కూడా సరైనదే. ఆ లెక్క దాకా వచ్చావంటే సగం పని అయింది. ఇప్పుడు రాజు సంగతి వదిలేసి కాగితం మీద ఒకటి రాసుకో: "డ్రా అంటే నాకు ఏ బొమ్మ కావాలి?" నీ బంటూ, వాడి బంటూ ఒకేసారి మంత్రి అయినా డ్రాయే. నీ రాజు వాడి బంటును పట్టుకున్నా డ్రాయే. బొమ్మలు రెండు. ఒక్కో బొమ్మలో నీ రాజు ఎక్కడ నిలబడాలి?

#14 పాలపిట్ట
నమస్తే. మేము డాలస్‌లో ఉంటాము. నాకు చెస్ రాదు, మా పదకొండేళ్ల వాడికి పిచ్చి. వాడికి తెలుగు చదవడం రాదు, అందుకని మీ పోస్టులు నేను చదివి వినిపిస్తున్నాను. వాడు అడగమన్న ప్రశ్న: రాజు మూలగా నడిస్తే నిలువుగా నడిచినదానికంటే దూరమవుతుందా?

#15 లెక్కల_మాస్టారు
అమ్మా, మీ అబ్బాయి అడిగినదే ఈ పజిల్‌కు తాళంచెవి. నేల మీద దూరమవుతుంది, చదరంగం బల్ల మీద కాదు. హెచ్8 నుంచి హెచ్4కి నిలువుగా దిగితే నాలుగు ఎత్తులు. జి7, ఎఫ్6, జి5, హెచ్4 అని వంకరగా వచ్చినా నాలుగే. ముప్ఫై ఏళ్లు పైథాగరస్ చెప్పినవాణ్ణి, ఈ బల్ల దగ్గర మాత్రం ఆయన్ని పక్కన పెట్టాల్సిందే.

#16 నడిమి_గడి
ఆగండి ఆగండి. వచ్చింది.

రాజు జి7. వాడు హెచ్4. రాజు ఎఫ్6. ఇప్పుడు వాడు హెచ్3 అంటే నేను ఈ7, వాడు హెచ్2, నేను సి7, వాడి రాజు బి7, నా రాజు డి7. ఇద్దరికీ మంత్రులు, డ్రా.

అలా కాకుండా వాడు ముందే జాగ్రత్తపడి రాజు బి6 అంటే, నేను ఈ5! ఇక్కడే మజా. వాడు నా బంటును తింటే నా రాజు ఎఫ్4, వాడి బంటు నా చేతికి చిక్కింది. తినకుండా హెచ్3 అంటే నా రాజు డి6, నా బంటుకు తోడొచ్చేశాను. వాడు హెచ్2, నేను సి7, వాడి రాజు బి7, నా రాజు డి7.

రాజు రెండు పనుల మీద బయల్దేరాడు. ఏ పని మీద వెళ్తున్నాడో ఈ5 దాకా ఎదుటివాడికి తెలియదు. అసలు నాకే తెలియదు!

#17 గుర్రపు_ఎత్తు
👏👏 అన్నా, ఇది రెటీ అనే గ్రాండ్‌మాస్టర్ కట్టిన స్టడీ (ఆటలోది కాదు, పజిల్‌గా కట్టింది). 1921. వందేళ్లు దాటింది, ఇంకా జనం నెత్తి గోక్కుంటనే ఉన్నరు.

#18 శకటు
అందంగా ఉంది, కాదనను. కానీ ఒక సందేహం. ఇవి ఎవరో కూర్చుని కట్టిన పజిల్స్. నిజం ఆటలో హెచ్8లో రాజు, ఏ6లో రాజు ఎప్పుడొస్తాయి? నడిమి_గడి గారు ఓడింది మామూలు రూక్ ఆట. ఆయనకు కావాల్సింది అలాంటి రూక్ ఆటలు వంద ఆడటం. స్టడీలు చూసి మురిసిపోవడం వల్ల రేటింగ్ పెరిగినవాణ్ణి నేను చూడలేదు.

#19 ఇంజిన్_నమ్మకం
శకటు గారితో ఏకీభవిస్తాను. ఇంకా చెప్పాలంటే ఏడు పావుల దాకా మొత్తం లెక్క తేలిపోయింది. సిజిజీ టేబుల్‌బేస్ ఏడు పావులది 2018లోనే పూర్తయింది. అంతకుముందు 2012లో మాస్కోలో లొమొనొసోవ్ టేబుల్‌బేస్ వచ్చింది. అందులో 549 ఎత్తుల తర్వాత గానీ మేట్ కాని పొజిషన్ కూడా దొరికింది. దాన్ని ఏ మనిషి సాల్వ్ చేస్తాడు? దేవుడి పుస్తకం చేతిలో ఉన్నాక మనిషి బుర్ర బద్దలుకొట్టుకోవడం దేనికి?

#20 లెక్కల_మాస్టారు
గైడు ఉండగా లెక్క చేయడం దేనికి అని మా క్లాసులో ఏటా ఒకడు అడిగేవాడు. గైడులో జవాబు ఉంటుంది నాయనా, నీ బుర్రలో ఉండదు. టేబుల్‌బేస్ "ఈ ఎత్తు డ్రా, ఆ ఎత్తు ఓటమి" అంటుంది. ఎందుకో చెప్పదు. ఆ 549 ఎత్తులు నాకు అక్కర్లేదు, ఈ5 ఎందుకో నాకు కావాలి.

శకటు గారి ప్రశ్న మాత్రం న్యాయమైనది. పావులు అదే గడుల్లో ఎప్పుడూ రావు. వచ్చేది ఆలోచన.

#21 గుర్రపు_ఎత్తు
శకటు సార్, నిజం ఆట కావాల్నా? 2024 డిసెంబర్ 12, సింగపూర్, ప్రపంచ చాంపియన్‌షిప్ 14వ ఆట. గుకేశ్‌కు ఒక బంటు ఎక్కువ, ఇద్దరికీ రూక్, ఒకే రంగు గడుల బిషప్. డ్రా అయ్యే ఆట. డింగ్ లిరెన్ 55వ ఎత్తులో రూక్‌ను ఎఫ్2లో పెట్టి మార్పిడికి పిలిచిండు. ఆయన బిషప్ ఎక్కడుంది? ఏ8ల, మూలకు. రూక్‌లు పోయినయ్. గుకేశ్ బిషప్‌ను డి5కి తెచ్చి ఎదురు నిలబెట్టిండు. మూలకున్న బిషప్‌కు తప్పించుకునే దారే లేదు. అది కూడా పోయింది, ఉత్త బంట్ల ఆట మిగిలింది, నలుపు (గుకేశ్) గెలిచింది. 7.5-6.5, ప్రపంచ చాంపియన్.

ఇది పజిల్‌గా ఇస్తే మనం కూడా పట్టేటోళ్లం కావచ్చు. "బిషప్‌లు కూడా మారితే ఏమైతది?" అనే ఒక్క ప్రశ్న చాలు.

ఇంకొకటి, గుకేశ్ టీమ్‌ల మన గ్రాండ్‌మాస్టర్ హరికృష్ణ అన్న ఉండె. గుంటూరు!

#22 శకటు
ఆ ఆట నేనూ లైవ్‌లో చూశాను. ఎఫ్2 పడగానే కుర్చీలోంచి లేచాను. సరే, సగం ఒప్పుకుంటున్నాను. మిగతా సగం ఏమిటంటే, ఐదు గంటల తర్వాత అలసిన బుర్రకు ఏ ప్రశ్నా గుర్తురాదు.

#23 నడిమి_గడి
నాకు ఐదు గంటలు అక్కర్లేదు, ఐదో రౌండ్ చాలు.

మాస్టారూ, ఇంకొకటి ఇవ్వండి.

#24 లెక్కల_మాస్టారు
ఇది గెలవాల్సింది.

తెలుపు: రాజు బి6, బంటు సి6.
నలుపు: రాజు ఏ1, రూక్ డి5.
ఎత్తు తెలుపుది.

1895లో గ్లాస్గోలో బార్బియే అనే ఆయన తన చెస్ శీర్షికలో దాదాపు ఇలాంటి పొజిషనే డ్రా అవుతుందని అచ్చువేశాడు. అదే ఊళ్లో ఉన్న ఫెర్నాండో సావెద్రా అనే స్పెయిన్ దేశపు మతగురువు, కాదు, తెలుపు గెలుస్తుందని చూపించాడు. ఆ ఒక్క ఎత్తుతోనే ఆయన పేరు నిలిచిపోయింది.

#25 నడిమి_గడి
సి7 మొదటిది అని తెలుస్తూనే ఉంది. వాడు రూక్ డి6 చెక్. ఇక్కడ నా రాజు ఎటు పోవాలో ఒక్కొక్కటే కొట్టేసుకుంటూ వచ్చాను. బి7 అంటే రూక్ డి7, నా బంటు కట్టుబడిపోతుంది, కదిలితే రాజుకు చెక్. సి5 అంటే రూక్ డి1కి దిగి కాచుకుంటుంది. నేను మంత్రి చేయగానే సి1 చెక్, వెనకున్న మంత్రి పోతుంది. కాబట్టి బి5. మళ్లీ డి5 చెక్, బి4. డి4 చెక్, బి3. డి3 చెక్, సి2. ఇక చెక్‌లు లేవు. తర్వాత మంత్రి. గెలుపే కదా? ఇందులో ఆ గురువుగారు కనిపెట్టింది ఏముంది?

#26 గుర్రపు_ఎత్తు
😏

#27 లెక్కల_మాస్టారు
రాజు నడక మొత్తం సరైనది, భేష్. ఇప్పుడు నల్లవాడి పక్కన కూర్చో. బోర్డు తిప్పి పెట్టుకో, నిజంగానే తిప్పు. నీ రాజు ఏ1లో, మూలకు ఇరుక్కున్నాడు. ఓడిపోతున్నావు. ఇలాంటప్పుడు ఓడేవాడి ఆశ ఎక్కడుంటుంది?

#28 పాలపిట్ట
మావాడు "స్టేల్‌మేట్! స్టేల్‌మేట్!" అని అరుస్తున్నాడు. ఇక్కడ రాత్రి పదకొండు దాటింది, మాస్టారూ. రేపు వీడికి స్కూలు.

#29 నడిమి_గడి
బాబు చెప్పింది నిజమే. సి2 తర్వాత వాడు రూక్‌ని డి4లో పెడతాడు. నేను మంత్రి చేస్తే రూక్ సి4 చెక్, నేను తినక తప్పదు, తింటే వాడి రాజుకు కదలడానికి గడి లేదు. డ్రా. ఆ బార్బియే గారు ఇక్కడే ఆగిపోయాడన్నమాట.

మరి మంత్రి కాకపోతే... రూక్! సి8లో రూక్ చేస్తాను. ఇప్పుడు సి4 చెక్ ఇచ్చి లాభం లేదు, రూక్‌తో తింటే వాడి రాజుకు ఏ2 గడి ఉంది, స్టేల్‌మేట్ కాదు. పైగా నేను ఏ8 చెక్‌తో మేట్ అంటున్నాను. వాడు రూక్‌ని ఏ4కి తెచ్చి అడ్డం పెట్టాలి. అప్పుడు నా రాజు బి3: అటు రూక్ మీద కన్ను, ఇటు సి1లో మేట్. రెండూ కాచుకోలేడు.

నా వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి.

#30 శకటు
ఇది నాకు ముందే తెలిసినా మళ్లీ బోర్డు తీసి పెట్టాను. ఆరో ఎత్తు దగ్గర ఇప్పటికీ చెయ్యి మంత్రి మీదకే పోతుంది.

#31 ఇంజిన్_నమ్మకం
అయిదు పావులు కూడా లేని పొజిషన్‌కు ఇంత హడావిడా. (రహస్యం: టేబుల్‌బేస్ తెరవకుండా ప్రయత్నించాను. బి7 దగ్గరే బోల్తా పడ్డాను.)

#32 గుర్రపు_ఎత్తు
హహ్హ. రా అన్నా, రా. మాలో కలిసిపో.

ఇంకో విషయం. పజిల్ సాల్వింగ్‌కే ప్రపంచ పోటీ ఉంటది, తెలుసా. అందులో ఎండ్‌గేమ్ స్టడీల రౌండ్ ఒకటి. మూడు స్టడీలకు 100 నిమిషాలు. జాన్ నన్ 2004, 2007, 2010ల గెలిచిండు. మామూలు ఆటల గ్రాండ్‌మాస్టర్, లెక్కల్లో డాక్టరేట్. మాస్టారికి నచ్చే మనిషి.

#33 లెక్కల_మాస్టారు
ఒక్క స్టడీకి అరగంట పైచిలుకు! నడిమి_గడి బాబూ, ఈ అంకె గుర్తుపెట్టుకో. రోజుకు ముప్ఫై పజిల్స్ చేస్తానన్నావే, వాటిలో ఇరవై తొమ్మిది మానేయమంటాను. ఒక్కటి పెట్టుకుని కూర్చో. పావులు కదపకు. తోచిన ఎత్తు కాగితం మీద రాయి, అది ఎందుకు పనికిరాదో పక్కన రాయి. సావెద్రా దగ్గర నువ్వు బి7ని, సి5ని కొట్టేశావు చూడు, అదే పద్ధతి. ఇంత కాగితం ఖర్చయ్యాక గానీ జవాబు చూడొద్దు.

చివరిగా ఒకటి. ఇది నిజం ఆటల్లో తగిలే రకం, శకటు గారి కోసం.

తెలుపు: రాజు డి5, బంట్లు ఏ5, సి6.
నలుపు: రాజు సి8, బంటు ఏ6.
ఎత్తు తెలుపుది. గెలవాలి.

#34 శకటు
కృతజ్ఞతలు. బంట్ల ఆటలంటే నాకు ప్రాణం. నేను మాట్లాడను, ఆయన్నే చేయనివ్వండి.

#35 నడిమి_గడి
నాలుగు రోజుల తర్వాత వస్తున్నాను. రెండు కాగితాలు నిండాయి.

డి6 పనికిరాదు: వాడు డి8, సి7 చెక్, సి8, ఇక నేను సి6 అంటే స్టేల్‌మేట్, అనకపోతే బంటు పోతుంది. సి5 పనికిరాదు: వాడు సి7లో నిలబడి నవ్వుతాడు.

అప్పుడు మీ మాట గుర్తొచ్చింది, ఏ బొమ్మ కావాలి అని. ఇదే బొమ్మ, కానీ ఎత్తు వాడిది కావాలి! వాడిదైతే: సి7 అంటే నేను సి5, తర్వాత బి6 మీదుగా ఏ6 బంటు నాది. డి8 అంటే నేను డి6. అంటే నేను ఒక ఎత్తు ఊరికే పారేయాలి. బంటును తోసి పారేయలేను. రాజుతో ముక్కోణం తిరగాలి.

రాజు సి4. వాడు డి8. రాజు డి4. వాడు సి8. రాజు డి5. అదే బొమ్మ, ఎత్తు వాడిది. నేను మూడు ఎత్తుల్లో తిరిగొచ్చాను, వాడు రెండిట్లోనే తిరిగొచ్చేశాడు, వాడికి ఇంకో తీరిక గడి దొరకలేదు.

ఇప్పుడు డి8, డి6. సి8, సి7. రాజు బి7, నా రాజు డి7. రాజు ఏ7, సి8 మంత్రి. గెలుపు!

మాస్టారూ, మార్కులు వేయండి.

#36 లెక్కల_మాస్టారు
ముక్కోణానికి నూటికి తొంభై. మిగతా పది ఎందుకు ఆపానో చివరి ఎత్తు మళ్లీ చూడు.

#37 పాలపిట్ట
మావాడు నా చెయ్యి పట్టుకుని మరీ టైప్ చేయిస్తున్నాడు: "అంకుల్, అది డ్రా కదా."

#38 నడిమి_గడి
అయ్యో రామా. ఏ7లో రాజు, ఏ8, బి8, బి7 మంత్రి చేతిలో, బి6 నా బంటు చేతిలో. స్టేల్‌మేట్.

మంత్రి వద్దు. ముందు రాజు సి6. వాడు ఏ8, అప్పుడు సి8 మంత్రి చెక్, రాజు ఏ7, మంత్రి బి7 మేట్. బాబుకు చూపించండి, ఈసారి సరిగ్గా ఉందో లేదో.

#39 పాలపిట్ట
బోర్డు మీద పెట్టి చూశాడు. ఓకే అన్నాడు. సావెద్రా లాగా సి8లో రూక్ చేసినా గెలుపేనట, అదెందుకు రాయలేదని అడుగుతున్నాడు.